మస్కట్ నుంచి వచ్చిన కైలీ

ఈమధ్య పెళ్ళిళ్ళలో నిలబడి తినమంటున్నారు. ఒక చేతిలో పళ్ళెం, రెండో చేతిలో నీళ్ళ సీసా. అప్పడం పట్టుకోవడానికి మూడో చెయ్యి దేవుడు ఇవ్వలేదు. సరిగ్గా అప్పుడే ఎవరో వచ్చి "బాగున్నారా" అని షేక్‌హ్యాండ్ కోసం చెయ్యి చాపుతారు. దీని మీద నాకు పెద్ద కోపమేమీ లేదు. ఒక మనిషి జన్మలో నిలబడి తినవలసినదంతా నేను ఇరవై ఏళ్ళ కిందటే వేలూరు దగ్గర గుడియాత్తంలో ఒక ఇంట్లో తినేశానని, కాబట్టి నాకొక కుర్చీ వేయించమని మాత్రమే మనవి చేసుకుంటున్నాను.

ఆ రోజుల్లో పరదేశం నుంచి చుట్టాలు వస్తున్నారంటే మా వాళ్ళందరికీ రెండు సందేహాలు ఉండేవి. ఎన్నాళ్ళుంటారు, ఎవరింటికి ముందు పోతారు. మొదటిది మర్యాద కోసం అడిగేది. రెండోదాని మీద ఇళ్ళకు ఇళ్ళు మాటలు మానేసేవి. మా మస్కట్ చిన్నాయన (నాయనకు తమ్ముడు, అక్కడ ఒక పెద్ద దుకాణంలో సరుకు దించేవాళ్ళకు పెద్ద) మంచివాడే గానీ, ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట పోయే రకం. అక్క పెళ్ళికి నాలుగేళ్ళ ముందు వచ్చినప్పుడు గుడియాత్తంలో చిన్ననాటి స్నేహితుడొకడు దారిలో కనబడి "ఒరే, రారా" అన్నాడు. ఇంకేముంది, పెళ్ళాం బిడ్డతో సహా వాళ్ళింట్లోనే భోజనం, వాళ్ళింట్లోనే కునుకు. లేచేసరికి కాట్పాడిలో రైలు వేళ అయిపోయింది. పక్క వీధిలో సొంత అక్క, అంటే మా మేనత్త, పొద్దున్నే గుంతపొంగనాల్లాంటి పనియారాలు చేసి వాకిట్లో ఎదురుచూస్తూ నిలబడి ఉంది. కారు సందు చివర నుంచి అలాగే వెళ్ళిపోయింది.

"పొద్దున్నించి నిలబడుకోని ఉండాను. కాళ్ళు వాచినాయి. కారు పోతా ఉంటే చెయ్యి ఊపినాను గూడా" అని అత్త తర్వాత అందరికీ చెప్పింది. "లోపల నుంచి పాప చెయ్యి ఊపింది. పెద్దోళ్ళకు చేతుల్లేవు."

ఆ రోజు నుంచి అత్త వేలూరులో మా ఇంటికి రావడం మానేసింది. చిన్నాయన ఎలాగూ విమానమెక్కి పోయాడు కాబట్టి కోపం భరించే బాధ్యత ఇక్కడే ఉన్న మా నాయన మీద పడింది. నాలుగేళ్ళు ఎలాగో గడిచాయి. ఇంతలో మా అక్క పెళ్ళి కుదిరింది. మా ఇళ్ళలో పెళ్ళికూతురికి మొదటి నలుగు మేనత్త పెట్టాలి. మేనత్త ఉండి కూడా ఇంకొకరు పెట్టారంటే, పెళ్ళికి వచ్చినవాళ్ళకు భోజనాల కంటే అదే ఎక్కువ రుచిగా ఉంటుంది. నాయన రెండుసార్లు గుడియాత్తం వెళ్ళి పిలిచి వచ్చాడు. రెండోసారి వచ్చి తిండి కూడా తినకుండా కూర్చున్నాడు. ఏమన్నదని అమ్మ అడిగితే, "పెళ్ళి బాగా చేసుకోండప్పా, అనింది" అన్నాడు. ఎప్పుడూ 'రా' అని పిలిచే సొంత తమ్ముణ్ణి 'చేసుకోండి' అంటే అర్థం మాకు వేరే చెప్పనక్కర్లేదు. అక్క ఆ మాట విని లోపలికి పోయింది. చిన్నప్పుడు సెలవులన్నీ అత్త ఒళ్ళోనే గడిపిన పిల్ల అది. నలుగు ఎవరు పెట్టినా పసుపు పసుపే కదా అని నేను ఓదార్చబోతే, చేతిలో ఉన్న దువ్వెన నా మీదికి విసిరింది.

అలాంటి సమయంలో, పెళ్ళికి నెల ముందు, మస్కట్ చిన్నాయన, చిన్నమ్మ, ఏడేళ్ళ పాప సెలవు మీద వచ్చి వేలూరు సత్తువాచారిలో మా ఇంట్లో దిగారు. పెళ్ళి దాకా ఉండడానికి ఆయనకు సెలవు లేదు. నాయన వాళ్ళను కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పాడు. "మూడో పొద్దు గుడియాత్తం పోతాము. యాడా దిగేది లేదు, ఎవురు పిలిచినా పలికేది లేదు. నేరుగా అక్కిల్లే." చిన్నాయన బుద్ధిగా తలూపాడు. బాధ ఏమిటంటే, నేరుగా పోవడానికి ఆయన ఒప్పుకున్నాడు గానీ మధ్యలో రెండు రోజులున్నాయి. ఆ రెండు రోజులూ వేలూరులోని చుట్టాలూ స్నేహితులూ ఒక్కొక్కరే వచ్చి పలకరించిపోయారు. సబ్బులు పోయాయి, సెంట్లు పోయాయి, ఖర్జూరాలు పోయాయి. అత్త కోసం తెచ్చిన పులిబొమ్మ దుప్పటి మీద చిన్నమ్మ కూర్చుని ఉండటం వల్ల అది మిగిలింది. మామ కోసం తెచ్చిన పెద్ద టార్చిలైటును చిన్నాయన తన చేతులతోనే ఎత్తి పాత స్నేహితుడికి ఇచ్చేశాడు. "వాళ్ళ వీధిలో లైటు లేదంట, పాపం" అన్నాడు.

మూడో రోజు పొద్దున ఈ సంగతి తెలిసి నాయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. మామకు ఏమీ లేదంటే అత్త దుప్పటిని కూడా కారులోకి విసిరికొడుతుందని ఆయన భయం. అప్పుడు నేను ముందుకు వచ్చాను. నేను బి.కామ్. రెండో సంవత్సరం. మా తాత నేతగాడు. నాయన నేత వదిలి గుమాస్తా అయ్యాడు. నేను పడుగేదో పేకేదో తెలియకుండా పెరిగి దాన్నే చదువు అనుకునేవాణ్ణి. "ఇంతేనా" అని చెప్పి బజారుకు వెళ్ళాను. గల్ఫు నుంచి వచ్చేవాళ్ళు లుంగీలు తెస్తారని నాకు తెలుసు. (మా వైపు కైలీ అంటారు.) అంగడివాడు ఒక అట్టపెట్టె తీశాడు. పైన బంగారు రంగులో ఒంటె, పక్కన అరబ్బీ అక్షరాలు, లోపల ఎర్ర మట్టి రంగు మీద ఆకుపచ్చ గళ్ళు. "ఫారిన్‌కు పోయే సరుకప్పా ఇది" అన్నాడు. పోయే సరుకుకూ వచ్చే సరుకుకూ ఉన్న తేడా ఆ వయసులో నాకు పెద్దగా అనిపించలేదు. ఇంటికి వచ్చి పెట్టె చూపిస్తే చిన్నాయన అక్షరాలు పట్టి పట్టి చూసి, "అచ్చం మస్కట్ మాదిరే ఉండాదే" అన్నాడు. ఆయన సర్టిఫికెట్టు తర్వాత ఇంకెవరూ నోరెత్తలేదు.

గుడియాత్తంలో మామ వాకిట్లోనే ఉన్నాడు. ఆయన్ని అందరూ సరే మామ అనేవాళ్ళు. ఎండ కాసినా సరే, వాన పడినా సరే, నూలు ఆలస్యమైనా సరే. జన్మలో ఆయన అడిగిన ప్రశ్నలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. "రాండి" అని లోపలికి తీసుకుపోయాడు. అత్త వంటింటి గడపకు అవతలే ఉంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. చిన్నమ్మ దుప్పటి తీసుకుపోయి చేతికిస్తే పులి ముఖం ఒకసారి చూసి, "ఈ ఊర్లో చలి యాడుండాదమ్మా" అని పక్కన పెట్టింది. పెట్టింది గానీ విసరలేదు. నాయన అది గమనించి కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు.

తర్వాత చిన్నాయన అట్టపెట్టెను రెండు చేతులతో మామకు అందించాడు. "మీకోసరమే బావా. మస్కట్‌ది." మామ పెట్టెను పక్కన పెట్టి, కైలీని మడత విప్పి ఒళ్ళో పరుచుకున్నాడు. ఆ విప్పడం చూస్తూ నేను స్టూలు మీద దర్జాగా కూర్చుని కాఫీ తాగుతున్నాను. గ్లాసు ఎత్తినప్పుడు ఎదురు గది కనబడింది. గదిలో గుంట మగ్గం ఉంది. మగ్గం మీద సగం నేసిన బట్ట ఉంది. ఎర్ర మట్టి రంగు, ఆకుపచ్చ గళ్ళు. మామ ఒళ్ళో ఉన్నది అక్కడ నుంచి కోసి తెచ్చినట్టుంది.

గ్లాసు కింద పెట్టాను. గళ్ళన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఈ ఊళ్ళో వెయ్యి మగ్గాల మీద ఇవే గళ్ళు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే లేచి, గది గుమ్మం దాటి, మగ్గానికీ జనానికీ మధ్య అడ్డంగా నిలబడ్డాను. అంతకంటే మంచి ఉపాయం ఆ క్షణంలో తట్టలేదు. (తన మగ్గం మీద ఏముందో తనకు కనబడకపోతే మామకు తెలియదన్నది నా ఆలోచన. నేను ఫస్ట్ క్లాసులో పాసైనవాణ్ణి.)

మామ కైలీ ఎడమ అంచు మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా లోపలికి జరిపాడు. నాలుగు వేళ్ళ దూరంలో వేలు ఆగింది.

"ఏమప్పా, మస్కట్‌లో యాడ కొంటివి?" అన్నాడు. సరే మామ ప్రశ్న అడగడం విని వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"పెద్ద అంగడి బావా" అన్నాడు చిన్నాయన. "మెట్లు వాటికవే పైకి పోతాయి. మనం నిలబడుకుంటే చాలు."

"సరే. నేసేది ఎవురంట?"

చిన్నాయన నా వైపు చూశాడు. "మిషన్ మామా" అన్నాను. "జపాన్ మిషన్."

"జపాన్ మిషను" అని మామ వేలిని మళ్ళీ అదే చోట రుద్దాడు. "ఆ మిషనుకు ఎడమ పక్క ఏమన్నా దెబ్బ తగిలిందా?"

"తెలియదు మామా."

"కనుక్కోని చెప్పు." తర్వాత బట్టను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "గంజి మాత్రం బియ్యం గంజి వాసనే వస్తా ఉండాది."

"అక్కడా అన్నమే తింటారు బావా" అన్నాడు చిన్నాయన, చాలా నమ్మకంగా.

"సరే" అన్నాడు మామ.

అత్త వంటింట్లో నుంచి వచ్చింది. చేతిలో పళ్ళేలు. పళ్ళేల్లో పనియారాలు. అంటే పొద్దున్నే పిండి రుబ్బి ఉంచిందన్నమాట, ముఖం మాత్రం ఇంకా గోడ వైపే ఉంది. అందరికీ పెట్టి నా దగ్గరికి వచ్చి, "ఏంరా, ఈడ నిలబడుకున్నావు? పోయి కూచో" అంది. "పరవాలేదత్తా. కారులో కూచోని కూచోని నడుం పట్టేసింది" అన్నాను. వేలూరు నుంచి గుడియాత్తం ఏమంత దూరమని నడుం పట్టేయడానికి. అత్త నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నా భుజం మీదుగా వెనక్కి చూసింది. నేను భుజం కొంచెం ఎత్తాను. ఆమె ఇంకో వైపు నుంచి చూసింది. నేను ఆ భుజం కూడా ఎత్తాను. "సరి, నిలబడుకోనే తిను" అని పళ్ళెం నా చేతిలో పెట్టింది.

మనిషి నిలబడి ఎంతసేపు ఉండగలడన్నది ఆ రోజు నాకు తెలిసింది. నాయన పెళ్ళి మాట ఎత్తబోతాడు, అత్త నీళ్ళు కావాలా అంటుంది. నాయన మళ్ళీ గొంతు సవరించుకుంటాడు, అత్త పాపకు ఇంకో రెండు వేస్తుంది. గంట దాటింది. నాకు మూడుసార్లు వడ్డించింది, మూడుసార్లూ కూర్చోమంది, మూడుసార్లూ నడుం సంగతే చెప్పాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. అప్పుడు పాప, తినడం అయిపోయి, "అదేంటి" అంటూ మగ్గం వైపు పరిగెత్తుకొచ్చింది. నేను దారి మూయడానికి ఒక అడుగు వెనక్కి వేశాను. గుంట మగ్గానికి గుంట ఉంటుందన్న సంగతి పేరులోనే ఉంది గానీ ఆ క్షణంలో గుర్తు రాలేదు. కుడికాలు తొక్కుడు కర్రల మధ్యకి తొడ దాకా దిగిపోయింది. ఎడమకాలు గట్టు మీదే ఉండిపోయింది. పళ్ళెం మాత్రం పడనివ్వలేదు. అలా నిలబడటమే మొదటి నుంచీ నా ఉద్దేశమన్నట్టు ముఖం పెట్టి మిగిలిన పనియారం నోట్లో వేసుకున్నాను.

అందరూ చూశారు. అత్త నెమ్మదిగా వచ్చి నా ముందు నిలబడింది.

"ఇది కూచున్నట్టా, నిలబడుకున్నట్టా?" అంది.

నేను నమిలాను. అత్త పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని నాయన లేచాడు. చెంగు తీశాక చూస్తే నవ్వుతోంది. నాలుగేళ్ళుగా ఆ నవ్వు మాలో ఎవరూ చూడలేదు. నన్ను చెయ్యి పట్టి పైకి లాగి, మోకాలు నిమిరి, నాయన వైపు తిరిగింది. "నలుగు ఏ పొద్దురా? ముందే చెప్పితే గదా నేను పసుపు దంచుకోని వచ్చేది" అంది. 'రా' అంది. నాయన తువ్వాలుతో ముఖమంతా చాలాసేపు తుడుచుకున్నాడు. ఎండ ఎక్కువగా ఉందన్నాడు.

తిరుగుదారిలో కారులో అందరూ నా తెలివిని మెచ్చుకున్నారు. మంచి వస్తువు ఇస్తే ఎంతటి కోపమైనా దిగుతుందని చిన్నాయన అన్నాడు. నేనూ అలాగే నమ్మాను. నెల తర్వాత అత్త రెండు రోజుల ముందే వచ్చి అక్కకు తన చేతులతో నలుగు పెట్టింది. అక్క ఏడుస్తూనే నవ్వింది. ముహూర్తం ముందు రోజు సాయంత్రం పందిట్లో కూరగాయలు తరిగే చోట సరే మామ ఆ కైలీయే కట్టుకుని గుమ్మడికాయ కోస్తున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన ఎడమ అంచు నా వైపు తిప్పి, వెలుతురుకు పట్టాడు. అంచు నుంచి నాలుగు వేళ్ళ లోపల, వెంట్రుక మందాన, పైనుంచి కిందిదాకా ఒక గీత ఉంది.

"నా మగ్గానికి పన్నె ఉండాది గదా, దువ్వెన మాదిరి. దాంట్లో ఒక పుల్ల వంగినాది" అన్నాడు. "మార్చాల, మార్చాల అనుకుంటానే ఉండాను."

అంతే చెప్పి గుమ్మడికాయ కోయడంలో పడిపోయాడు. గంజి వాసన, దెబ్బ తగిలిన జపాన్ మిషను, అన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆ మాత్రం అర్థం కావడానికి నెల పట్టింది. అత్తకు చెప్పావా మామా అని అడగబోయి, అడిగితే ఏం వినవలసి వస్తుందోనని వంకాయలు అందుకున్నాను. మామ చెప్పి ఉండడులే అని ఇరవై ఏళ్ళూ అలాగే అనుకున్నాను. ఆ మగ్గానికి కండెల మీద నూలు చుట్టేది అత్తే అని, ఆ ఎరుపూ ఆ ఆకుపచ్చా ఆమె చేతి మీదుగానే పోతాయని నాకు తట్టలేదు.

ఇప్పుడు నేనూ మస్కట్‌లోనే ఉంటాను. మా ఆవిడతోనూ కొడుకుతోనూ రెండేళ్ళకోసారి వస్తాను. ఎవరింటికి ముందు పోవాలో ముందే కాగితం మీద రాసుకుని, ఆ కాగితం ప్రకారం పోయి, అయినా ఎవరో ఒకరి చేత మాట పడతాను. పోయినేడు అక్కడ పాత బజారులో ఒక చిన్న అంగడికి వెళ్ళాను. అంగడివాడు పాత సరుకు దులిపి పెడుతున్నాడు. ఎర్ర మట్టి రంగు, ఆకుపచ్చ గళ్ళు. చెయ్యి దానంతటదే ఎడమ అంచు మీదికి పోయింది. నాలుగు వేళ్ళ లోపల గీత తగిలింది. అంగడివాడు చూసి, అయ్యో అందులో లోపముంది, వేరేది ఇస్తానన్నాడు. నాకు లోపమే కావాలని చెప్పి తెచ్చుకున్నాను.

ఈసారి సెలవులో అందరికంటే ముందు గుడియాత్తమే పోయాను. మామకు చెవులు సరిగా వినబడవు. మోకాళ్ళు సహకరించక రెండేళ్ళ కిందట మగ్గం ఆపేశాడు. గుంట మీద పలకలు పరిచి బియ్యం మూటలు పెట్టారు. ఆయన మంచం మీద కునుకుతున్నాడు. అత్త నాకు ప్లాస్టిక్ కుర్చీ వేసింది, కూర్చున్నాను. కైలీ తీసి చేతిలో పెట్టాను. అత్త కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. వేలు అంచు మీద పెట్టి లోపలికి జరిపింది. ఆగింది. చాలాసేపు వేలు అక్కడే ఉంచింది. మంచం వైపు చూసింది.

"యాడిది ఇది?" అంది.

"మస్కట్‌లో దొరికిందత్తా."

"ఊఁ" అంది. కైలీని మడత మీద మడత వేసింది. "ఆ పొద్దు గూడా ఇదే చెప్పినారు. మీ మామ నోరు తెరిచి అబద్ధమంటే గరిటెతో మిమ్మల్ని తరుముదామని లోపల కాచుకోని ఉండాను. కైలీ చూసి పెళ్ళికి వచ్చిందనుకున్నావా అత్త? నేను మీ చిన్నాయన కోసరం ఒకపొద్దంతా నిలబడుకుంటే మీ ఇంట్లో ఎవురికీ పట్టలే. నువ్వొకడివి నా ఇంట్లో గంటసేపు నిలబడుకున్నావు. కాళ్ళు వణకతా ఉంటే చూసినాను. అందుకు వస్తి."

నలభైకి వచ్చిన మనిషిని, ఇద్దరు పనివాళ్ళను అజమాయిషీ చేసేవాణ్ణి, కుర్చీలో ఇరవై ఏళ్ళ కుర్రాడిలా ముడుచుకుపోయాను. కనీసం ఈసారి నిజం చెప్పానన్న ధైర్యం ఒక్కటే మిగిలింది.

"అది వేరే అత్తా" అన్నాను. "ఇది మాత్రం నిజంగా మస్కట్‌లోదే. నీ మీద ఒట్టు. కావాలంటే అంగడి ఫోటో చూపిస్తా." ఫోను తీశాను.

అత్త ఫోను వైపు చూడలేదు. నన్నూ, నేను కూర్చున్న కుర్చీనీ చూసింది.

"ముందర నిలబడుకోని అబద్ధం చెప్పేవాడివి" అంది. "ఇప్పుడు కూచోని చెప్పేది నేర్చుకున్నావు."